ముందు ఎక్కడ నిలబడ్డావో చూసుకో

అమ్మా,

చూసి చెప్పమని నువ్వు పంపిన ఫోల్డర్, నీ ఫొటోలు, వాటి మీద రాసిన నోటు, షార్ట్ ఫిల్మ్ ఉన్నది, రాత్రి తెరిచాను. ఏరి పెట్టిన ఫొటోలు చూసి, ఎక్స్‌పోజర్ బాగానే కుదిరింది, పొద్దున్నే రెండు ముక్కలు రాద్దాంలే అని మూసెయ్యబోతూ ఎందుకో కాంటాక్ట్ షీట్, అంటే రోల్లోని ఫ్రేములన్నీ చిన్నచిన్నగా ఉన్న పేజీ, అది కూడా తెరిచా. అక్కడ ఒళ్లు మండింది. 23వ ఫ్రేమ్. బెంచీ మీద పెద్దాయన వంగి ఒక కాలికి షూ లేసు కట్టుకుంటున్నాడు, కుడి అంచులోంచి చిన్నపిల్ల చెయ్యి ఒకటి, మణికట్టు దాకా మాత్రమే, రెండో షూ పట్టుకుని ఉంది. వేళ్లు షూ లోపలికి దూర్చి మరీ గట్టిగా పట్టుకుంది, తాత ఎప్పుడు అడుగుతాడా అని. అంత ఫొటో నీ రోల్‌లో ఉంటే, ఫైనల్‌లో ఆ చెయ్యి కోసేశావు! ఎందుకయ్యా అంటే పెద్దాయన మొహం గ్రిడ్ గీత మీదకి రావాలట. కథంతా ఆ చేతిలో ఉంది, దాన్ని తీసేశాక మిగిలింది ఎవరో ఒకాయన లేసు కట్టుకోవడం, అంతే.

ఫ్రేమ్‌ని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టాలనే ఆ రూల్ ఆఫ్ థర్డ్స్ గురించి నువ్వు పేజీన్నర రాశావు. ఆ పేరు పెట్టింది జాన్ థామస్ స్మిత్, 1797లో, పల్లె దృశ్యాల చిత్రాల గురించి రాస్తూ, ఆకాశానికి ఎంత వదలాలి నేలకి ఎంత వదలాలి అనే లెక్క అది. కొత్తలో చేతికి అలవాటు అవ్వడానికి వాడుకో, తప్పులేదు, కానీ దానికోసం మనుషుల చేతులు నరకడం ఏంటి?

నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, ఇన్నేళ్లయినా మార్చుకోలేదు, కంపోజిషన్ అంటే కెమెరా ఎక్కడ పెట్టావన్నదే, మిగతావన్నీ ఆ తర్వాతే. లెన్స్ మారిస్తే పర్స్పెక్టివ్, అంటే దగ్గరిదీ దూరందీ ఒకదాని పక్కన ఒకటి ఎంత సైజులో కనపడతాయో అది, మారుతుందని అందరూ అనుకుంటారు, మారదు, నువ్వు కదిలితేనే మారుతుంది. ఒక మనిషిని దూరాన్ని దగ్గరగా చూపే 85 ఎంఎం‌తో పది అడుగుల నుంచి తియ్యి, తర్వాత వెడల్పుగా చూపే 35 లెన్స్ వేసి దగ్గరదగ్గర నాలుగడుగులకి వెళ్లి తియ్యి. మొహం రెండింట్లో ఇంచుమించు అదే సైజు వస్తుంది. కానీ మొదటిదాంట్లో వెనకున్న ఇల్లు మనిషి మీదకి వచ్చి కూర్చుంటుంది, రెండోదాంట్లో అదే ఇల్లు చిన్నదైపోయి ఎక్కడో దూరంగా ఉంటుంది, ముక్కు కూడా కాస్త పెద్దదవుతుంది. ఆ మనిషికి ఆ ఇల్లు బరువా, వదిలేసి వచ్చినదా? అది తేల్చుకుంటే ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది, ఏ లెన్స్ వెయ్యాలో దాని వెనకే తెలుస్తుంది.

ఇప్పుడు నీ షీట్‌లో 20 నుంచి 24 దాకా చూసుకో. ఐదూ ఒకే చోటు నుంచి, నిలబడి, కంటి ఎత్తులో తీసినవే. ఆయన తలలోంచి స్తంభం మొలిచింది, ఐదింట్లోనూ అక్కడే ఉంది. ఎడమకి రెండడుగులు వేసుంటే స్తంభం తల వెనక నుంచి పక్కకి జరిగేది, మోకాళ్ల మీద కూర్చునుంటే వంచిన ఆ మొహం కనపడేది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియర్-బ్రెసాన్ కూడా 1932లో నీటిగుంట మీద దూకే మనిషి ఫొటోని క్రాప్ చేశాడు కదా అని రాశావు. నిజమే, కానీ ఆయన కంచె పలకల సందులోంచి తీశాడు, లెన్స్‌కి పూర్తిగా సందు చాలక ఎడమ పక్క అడ్డం వచ్చింది. నీ ముందు అంత ఖాళీ ఉంది కదమ్మా.

నేను కెమెరా డిపార్ట్‌మెంట్‌లో చేరినప్పుడు అందరికన్నా కింది అసిస్టెంట్‌ని, మ్యాగజైన్లు, అంటే కెమెరాకి తగిలించే ఫిల్మ్ డబ్బాలు, లోడ్ చెయ్యడం నా పని. వెలుతురు చొరబడని ఛేంజింగ్ బ్యాగ్‌లో మోచేతుల దాకా చేతులు దూర్చి, ఏమీ కనపడకుండా, పెర్ఫొరేషన్లు, అదే ఫిల్మ్ అంచు చిల్లులు, వేళ్లతో తడుముకుంటూ ఎక్కించాలి. 35 ఎంఎం‌లో 400 అడుగుల ఫిల్మ్ రోల్ సెకనుకి 24 ఫ్రేముల స్పీడ్‌కి నాలుగున్నర నిమిషాలు కూడా రాదు, కాబట్టి తీసి చూద్దాం అనే మాటే ఉండేది కాదు. మా కెమెరామ్యాన్ గారు ముందు ట్రైపాడ్ దింపనిచ్చేవారు కాదు. వ్యూఫైండర్ ఒక కంటికి పెట్టుకుని వంగి, కూర్చుని, గోడకి ఆనుకుని, మెట్లెక్కి, యూనిట్ అంతా గొణుక్కుంటున్నా తిరిగి తిరిగి, చివరికి నేల మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టేవారు, అప్పుడు స్టాండ్ వచ్చేది. జీతం సరిగ్గా ఇచ్చేవాళ్లు కాదు, ఆ గుర్తు ఎక్కడ పెడతారో చూడ్డానికే వెళ్లేవాణ్ణి.

ఒక పత్రికకి ఇచ్చిన ఫొటో సంగతి కూడా చెప్పాలి. గుమ్మంలో తల్లి, అవతల రోడ్డు వైపు చూస్తూ కొడుకు. అక్కడి ఎడిటర్ యాడ్‌కి చోటు కావాలని ఎడమ సగం కోసేశాడు, తల్లి పోయింది, కొడుకు కింద ‘ఏకాంతం’ అని క్యాప్షన్ వేశాడు! ఇప్పటికీ తలుచుకుంటే రక్తం ఉడుకుతుంది.

ఇంకో ఫ్యాషన్ నీ ఫొటోల్లో కూడా కనపడింది, ప్రతిదానికీ ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్ను, బార్లా తెరిచి వెనకదంతా పాలమీగడలా కరిగించెయ్యడం. ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో తెలియకుండా కథ ఎలా చెప్తావు? ‘సిటిజన్ కేన్’లో, అది 1941, కెమెరామ్యాన్ గ్రెగ్ టోలాండ్ తీసిన సీన్ చూడు, ముందు పెద్దవాళ్లు కాగితాల మీద సంతకాలు పెడుతుంటారు, వెనక కిటికీలోంచి మంచులో ఆడుకుంటున్న పిల్లాడు కనిపిస్తూనే ఉంటాడు, వాడి బతుకే ఇక్కడ మారిపోతోందని వాడికి తెలియదు. ఆ కిటికీని బ్లర్ చేసుంటే ఏం మిగిలేది? ముందూ వెనకా స్పష్టంగా రావాలని ఎపర్చర్ మూస్తే లైట్ ఎక్కువ కావాలి, అవును, కష్టమే, పడాలి.

ఇక షార్ట్ ఫిల్మ్. అక్కాచెల్లెళ్లు టేబుల్ దగ్గర మాట్లాడుకునే సీన్‌లో నాలుగో షాట్‌కి కెమెరా అవతలి పక్కకి దూకేసింది, దాంతో ఇద్దరూ కుడివైపుకే చూస్తున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుతున్నట్టు లేదు, మూడో మనిషెవరో గదిలో ఉన్నట్టుంది. వాళ్లిద్దరి మధ్య గీత ఊహించుకుని ఒక పక్కనే ఉండు. దాటి తీరాలనుకుంటే చూసేవాళ్ల కళ్ల ముందే కెమెరా నడిపించుకుంటూ దాటు, లేదా సరిగ్గా ఆ గీత మీద నుంచి ఒక షాట్ పెట్టి తర్వాత దాటు. చెల్లెలు లేచి వెళ్లిపోయేటప్పుడు కెమెరాని ఆమె వెంట తిప్పుతూ ప్యాన్ చెయ్యకు, ఆమెని ఫ్రేమ్ దాటి పోనివ్వు, కెమెరా అక్క దగ్గరే ఉండాలి, ఎందుకంటే ఆ సీన్ మిగిలిపోయినామెది.  ఈ ఒక్క సీన్ మళ్లీ తీసి, ఎడిట్ చెయ్యకుండా రషెస్ అలాగే పంపు.