ముప్పై అయిదు వేల కోర్సా, మొదటి నెల ఖర్చా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పల్లె. నేను మహిళా సంఘంలో సభ్యురాలిని. నా భర్త పుణెలో తాపీ పని చేస్తారు. మా అబ్బాయి రెండేళ్ల కిందట ఒక ప్రైవేటు కళాశాలలో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాడు. పదో తరగతి వరకు తెలుగు మీడియమే. హైదరాబాద్‌లో రెండు ఇంటర్వ్యూలకు వెళ్లి, ఇంగ్లిష్‌లో అడిగిన ప్రశ్నలకు నోరు పెగలక తిరిగి వచ్చాడు. ఆ తర్వాత ఒక కన్సల్టెన్సీ రిజిస్ట్రేషన్, యూనిఫాం అని చెప్పి ఆరు వేలు తీసుకొని ఫోన్ ఎత్తడం మానేసింది. అప్పటి నుంచి ఇల్లు కదలడం లేదు. ఊళ్లో తోటివాళ్లు ఎదురైతే తప్పుకొని పోతాడు. మా వీఓఏకు (గ్రామ సంఘాల లెక్కలు చూసే సహాయకురాలికి) సంఘం పుస్తకాలు రాసిపెట్టమంటే మాత్రం కాదనడు. ఇప్పుడు నగరంలో ఒక సంస్థ స్పోకెన్ ఇంగ్లిష్, వ్యక్తిత్వ వికాసం కలిపి 35 వేలకు నేర్పి, నూటికి నూరు శాతం ఉద్యోగం ఇప్పిస్తామంటోంది. సంఘంలో అప్పు తీసుకొని చేర్పించాలా, లేక వాళ్ల నాన్న అంటున్నట్టు పుణె పంపించాలా? ఫీజు బకాయి ఉందని సర్టిఫికెట్లు కళాశాలలోనే ఉంచుకున్నారు.

జవాబు: అమ్మా, ముందుగా అప్పు సంగతి తేల్చుకుందాం. ఆ కోర్సు కోసం సంఘంలో అప్పు తీసుకోవద్దు. ఉద్యోగం ఇచ్చేది కంపెనీ తప్ప శిక్షణ సంస్థ కాదు కాబట్టి, నూరు శాతం హామీ ఇచ్చే అధికారం ఆ సంస్థకు లేదు. అయినా మీకు ఆశ చావకపోతే, ఏ కంపెనీలో, ఏ పనికి, ఎంత జీతానికి పెడతారో, పెట్టలేకపోతే ఎన్ని రోజుల్లో డబ్బు వాపసు ఇస్తారో కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వమని అడగండి. నాకు తెలిసినంతలో ఈ మాట అడిగిన వారికి కాగితం అందడం అరుదు.

రెండో సంగతి మీ అబ్బాయి ధైర్యం గురించి. అతనికి ఆత్మవిశ్వాసం లేదని, దాన్ని ఎవరైనా నేర్పితే ఆ తర్వాత ఉద్యోగం వస్తుందని మీరు అనుకుంటున్నారు. మన పల్లెల నుంచి వచ్చే పిల్లల విషయంలో వరుస దీనికి తలకిందులుగా ఉంటుందని నా అభిప్రాయం. వాళ్లకు ముందు చేయగలిగిన పని ఒకటి దొరకాలి, ఆ పనిని మరొకరు చూసి సరిగ్గా ఉందనాలి, ధైర్యం దాని వెంట వస్తుంది. సంఘం పుస్తకాలు రాయమంటే అతను కాదనడని మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే. పొదుపు ఎంత, అప్పు వాయిదా ఎంత, వడ్డీ ఎంత అని సభ్యురాలివారీగా రాసి, చివర మొత్తం బ్యాంకు పాస్‌బుక్‌తో సరిపోయిందో లేదో చూడగలిగిన కుర్రవాడు లెక్కల పనిలో చాలామంది కొత్తవాళ్ల కంటే ఒక అడుగు ముందే ఉన్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు, ఇంటర్వ్యూలో చెప్పాలని తోచదు.

ఆ రెండు ఇంటర్వ్యూల్లో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 'మై నేమ్ ఈజ్' తో మొదలుపెట్టి తండ్రి పేరు, ఊరు, చదువు, 'హాబీస్' వరకు బట్టీ పట్టిన పాఠం ఒకటి ఉంటుంది. అవతలి మనిషి మధ్యలో ఆపి, డిగ్రీ అయ్యాక ఈ ఏడాదంతా ఏం చేశావని అడిగితే పాఠం తెగిపోతుంది. ఇంట్లో ఖాళీగా ఉన్నానని చెప్పడానికి మొహమాటం, అబద్ధం చెప్పడానికి భయం. ఇక నోరు పెగలదు. ఇంగ్లిష్ వస్తే ఈ చిక్కు తీరుతుందనుకోవడం సగమే నిజం, ఎందుకంటే ఆ ప్రశ్నకు అతని దగ్గర తెలుగులోనూ జవాబు లేదు.

కాబట్టి ముందు తెలుగులోనే జవాబు తయారు చేయించండి. ఉదాహరణకు ఇలా ఉండవచ్చు: "డిగ్రీ అయ్యాక మా ఊరి మహిళా సంఘాల పుస్తకాలు రాయడంలో సాయం చేస్తున్నాను. ప్రతి సమావేశంలో వసూలైన పొదుపు, వాయిదాలు రాసి, బ్యాంకు ఖాతాతో సరిచూస్తాను. ఒకసారి తేడా వస్తే పాత రశీదులన్నీ వెదికి ఒక వాయిదా రెండుసార్లు రాసినట్టు పట్టుకున్నాను." చివరి వాక్యం నేను నమూనా కోసం రాసినది. దాని స్థానంలో నిజంగా జరిగినదే పెట్టాలి, ఎందుకంటే ఇంటర్వ్యూ చేసేవారు తర్వాత అడిగేది దాని గురించే. ఇది నోటికి వచ్చాక ఇవే మాటలను చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా మార్చుకోవచ్చు. జరిగిన పని గురించి చెప్పే మాటలు బట్టీ పట్టనక్కరలేదు, మధ్యలో ఎవరు ఆపినా మళ్లీ ఎక్కడి నుంచైనా అందుకోవచ్చు. వీఓఏతో మాట్లాడి, ఈ సాయం అప్పుడప్పుడూ కాకుండా ప్రతి సమావేశానికీ ఉండేలా చూడండి. వీలైతే ఆ వివరాలు రాసి, గ్రామ సమాఖ్య (ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన సంస్థ) అధ్యక్షురాలి సంతకంతో ఒక లేఖ తీసుకోండి. మన ఇళ్లలో చాలామంది ఇలాంటి లేఖను చిన్నచూపు చూస్తారు గానీ, అనుభవం అనే గడి ఖాళీగా ఉన్న దరఖాస్తులో దానికి విలువ ఉంటుంది.

ఇంగ్లిష్ అవసరం లేదని నేను అనడం లేదు. ఎంత అవసరమో చేయబోయే పనిని బట్టి కొలుచుకోవాలి. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) మందుల కంపెనీలు ఉన్నాయి. అలాంటి చోట బీకాం చదివినవారికి స్టోర్స్‌లో, డిస్పాచ్‌లో, అకౌంట్స్‌లో పని ఉంటుంది. స్టోర్స్‌లో కొత్తగా చేరినవారికి రోజూ తగిలే ఇంగ్లిష్ ఏమిటంటే, ఇన్‌వాయిస్, డెలివరీ చలాన్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, ఇన్‌వర్డ్, ఔట్‌వర్డ్, క్లోజింగ్ స్టాక్ వంటి మాటలు, రెండు మూడు వాక్యాల ఈమెయిల్. ఊళ్లోని ఎరువుల దుకాణంలో ఒక జీఎస్టీ బిల్లు అడిగి తెచ్చుకొని, అందులో ప్రతి గడి ఎందుకుందో చెప్పగలిగేలా నేర్చుకుంటే ఆ మాటల్లో సగం వచ్చినట్టే. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ డిగ్రీలో చెప్పే ఉంటారు. మరిచిపోయి ఉంటే ముందు దాన్ని బాగుచేసుకోవాలి. ఉపన్యాసం ఇచ్చే ఇంగ్లిష్ కోసం రోజులు ఖర్చు చేయడం ఈ దశలో దండగ.

శిక్షణ కావాలంటే డబ్బు కట్టనక్కర లేని దారులు ఉన్నాయి. మీ కుటుంబానికి సూటిగా వర్తించేది దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. గ్రామీణ పేద కుటుంబాల్లో 15 నుంచి 35 ఏళ్ల వారి కోసం కేంద్రం 2014లో మొదలుపెట్టిన ఈ పథకంలో శిక్షణ ఉచితం, దూరమైతే వసతి, భోజనం కూడా వాళ్లే చూస్తారు. స్త్రీలకూ, దివ్యాంగులకూ, మరికొన్ని వర్గాలకూ 45 ఏళ్ల వరకు అవకాశం ఉంటుంది. అర్హతల్లో స్వయం సహాయక సంఘ సభ్యుల కుటుంబం కావడం కూడా ఒకటి, అంటే మీ సంఘం సభ్యత్వమే మీ అబ్బాయికి ప్రవేశపత్రం. తెలంగాణలో ఈ పని చూసే ప్రభుత్వ సంస్థ ఈజీఎంఎం ఉమ్మడి రాష్ట్రంలో 2005లో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే సీడాప్ అనే సంస్థ చూస్తుంది. మీరు వెతుక్కుంటూ హైదరాబాద్ వెళ్లవలసిన పని లేదు. మండల సమాఖ్య కార్యాలయంలో ఏపీఎంను (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్‌ను) కలిసి, మన జిల్లాకు ఇప్పుడు ఏ ట్రేడుల్లో బ్యాచ్‌లు ఉన్నాయి, శిక్షణ కేంద్రం ఎక్కడ, కిందటి బ్యాచ్ వాళ్లు ఎక్కడ చేరారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారా అని అడగండి. చివరి ప్రశ్న తప్పకుండా అడగండి, కుదిరితే వాళ్లలో ఒకరి ఫోన్ నంబరు తీసుకొని అబ్బాయితోనే మాట్లాడించండి. అన్ని కేంద్రాలూ ఒకేలా ఉండవు. బాగా నడిచేవి ఉన్నాయి, పేరుకు నడిచేవీ ఉన్నాయి. తేడా చెప్పగలిగేది అక్కడ చదివిన పిల్లలే.

రెండో దారి అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద డిగ్రీ చదివినవారు కూడా కంపెనీల్లో పని నేర్చుకుంటూ స్టైపెండ్ పొందవచ్చు. 2019 సవరణలో డిగ్రీవారికి నెలకు కనీసం 9,000 రూపాయలుగా నిర్ణయించారు. గడువు ముగిశాక అక్కడే ఉద్యోగం ఇచ్చి తీరాలనే నియమం సాధారణంగా ఉండదు, అయినా అనుభవపత్రం చేతికి వస్తుంది. ఇక బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు సెల్‌ఫోన్ మరమ్మతు, మోటార్ రివైండింగ్ వంటివి ఉచితంగా నేర్పుతాయి. సొంతంగా దుకాణం పెట్టుకోవాలన్న ఆలోచన ఉన్నవారికి అవి మంచివే. మీ అబ్బాయి మొగ్గు లెక్కల వైపు ఉంది కాబట్టి దాన్ని ఇప్పటికి పక్కన పెడదాం.

సర్టిఫికెట్ల విషయం చాలా ఇళ్లలో ఉన్న బాధే. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని చెప్పి కళాశాలలు పిల్లల కాగితాలు ఆపుతున్నాయి. బకాయి ఎంత, ప్రభుత్వం నుంచి రావలసినది ఎంత, మీరు కట్టవలసినది ఎంత అన్నది రాతపూర్వకంగా ఇవ్వమని ప్రిన్సిపల్‌కు దరఖాస్తు పెట్టించండి. ఒరిజినల్స్ ఇవ్వకపోయినా ధ్రువీకరించిన నకళ్లయినా ఇవ్వమని అందులోనే అడగాలి. తొలి స్థాయి ఉద్యోగాల్లో చాలావాటికి పదో తరగతి, ఇంటర్ మెమోలు, డిగ్రీ మార్కుల నకలు ఉంటే మొదట చేర్చుకుంటారు. అంతకంటే ముందు చూడవలసినది పేరు. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూడండి. ఒక చోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకో చోట పొడి అక్షరంగా ఉంటే ఉద్యోగం వచ్చాక భవిష్యనిధి (పీఎఫ్) ఖాతా దగ్గర చిక్కు వస్తుంది. పాన్ కార్డు లేకపోతే, ఆధార్‌కు ఫోన్ నంబరు అనుసంధానమై ఉన్నవారికి ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో ఈ-పాన్ ఉచితంగానే వస్తుంది.

ఇప్పుడు ఆ 35 వేల సంగతికి మళ్లీ వస్తాను. మన పిల్లలు ఉద్యోగం దొరక్క ఇంటికి తిరిగి రావడం అందరికీ కనిపిస్తుంది. దొరికిన ఉద్యోగాన్ని మొదటి నెలలోనే వదిలి రావడం అంతగా కనిపించదు, కానీ అదీ తక్కువేమీ కాదు. కారణం చాలాసార్లు పనిలో ఉండదు, చేతిలో డబ్బు లేకపోవడంలో ఉంటుంది. జూన్ మొదటి వారంలో చేరినవాడికి జీతం జూలై మొదటి వారంలో గానీ పడదు. ఈలోగా గదికి అడ్వాన్సు, మెస్ డబ్బు, బస్సు ఛార్జీ, ఒక జత బూట్లు కావాలి. ఇంటి నుంచి అడగడానికి సిగ్గుపడి, ఒక పూట తిని ఒక పూట మాని, ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చేస్తారు. ఊళ్లో మాత్రం నిలదొక్కుకోలేకపోయాడన్న పేరు వస్తుంది. మీరు సంఘంలో అప్పు తీసుకోవాలనే అనుకుంటే, ఆ మొత్తంలో మూడో వంతు, అదీ ఉద్యోగ పత్రం చేతికి వచ్చాక, ఈ మొదటి నలభై రోజుల కోసం తీసుకోండి. రెండు మూడు జీతాల్లో తీర్చగలిగే అప్పు అది. కౌశల్య యోజన ద్వారా చేరితే ఉద్యోగం వచ్చిన తొలి నెలల్లో కొంత నగదు సాయం కూడా ఉంటుంది. అది ఎంత, ఎన్ని నెలలు అని ఏపీఎంను అప్పుడే అడిగి రాసుకోండి.

జీతం లెక్క కూడా ముందే తెలియాలి. నెలకు 15,000 అని పత్రంలో ఉంటే అంతా చేతికి వస్తుందని అనుకొని, మొదటి నెల తక్కువ పడగానే మోసపోయామనుకునే పిల్లలు ఉన్నారు. మొత్తం జీతం 15,000, అందులో బేసిక్ 10,000 అనుకుందాం. బేసిక్‌పై 12 శాతం చొప్పున భవిష్యనిధికి 1,200, మొత్తంపై 0.75 శాతం చొప్పున ఈఎస్ఐ అనే వైద్య బీమాకు 113 పోతే చేతికి 13,687 వస్తుంది. ఈ 1,200 ఎక్కడికీ పోదు, యజమాని వాటాతో కలిసి అతని పేరనే జమ అవుతుంది. పత్రంలో 15,000 సీటీసీ అని ఉంటే మాత్రం యజమాని కట్టే వాటా కూడా అందులోనే కలిపారని అర్థం, చేతికి వచ్చేది ఇంకా తగ్గుతుంది. చేరే ముందే 'చేతికి ఎంత వస్తుంది సార్' అని అడగడంలో తప్పు లేదు. ఆ ప్రశ్న ఇంట్లో మీ ముందు నాలుగుసార్లు అని చూస్తే అక్కడ అడగగలుగుతాడు. భవిష్యనిధికి ఇచ్చే యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ కార్డు నెల దాటినా ఇవ్వకపోతే వాటినీ అడగాలి. ఏ పేరుతోనైనా సరే, చేర్చుకోవడానికి ముందు డబ్బు అడిగిన చోట మాత్రం ఇక నిలబడవద్దు. పోయిన ఆరు వేలు ఫోన్ ద్వారా పంపి ఉంటే ఆ రసీదు తీసుకొని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయండి. ఆలస్యమైంది కాబట్టి డబ్బు తిరిగి వస్తుందని గట్టిగా చెప్పలేను.

తోటివాళ్లను తప్పించుకొని తిరగడం గురించి ఒక మాట. రెండు దెబ్బలు తిన్న కుర్రవాడు కొన్నాళ్లు అలా ఉండటం సహజమే, పని మొదలయ్యాక చాలామందిలో తగ్గుతుంది. నిద్ర పూర్తిగా పోయినా, తిండి మానేసినా, బతికి ఏం లాభం అన్నట్టు మాట్లాడినా మాత్రం ఉద్యోగం సంగతి పక్కన పెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పక్కింటి అబ్బాయితో పోల్చడం ఇంట్లో అందరూ మానేయాలి, ముఖ్యంగా పండక్కి వచ్చే బంధువులు. వాళ్లను ఆపగలిగేది మీరే.

ఇక పుణె. వాళ్ల నాన్న మాటను నేను కొట్టిపారేయను. తాపీ పని గౌరవమైన పని, పాలమూరు వాళ్ల చేతుల మీదుగా ఎన్నో ఊళ్లలో ఇళ్లు లేచాయి. కానీ బీకాం చదివినవాడిని సిమెంటు మోయడానికి పంపితే, చదువు వృథా అయిందన్న బాధ అతనికీ మీకూ మిగులుతుంది. సైటులోనే సిమెంటు, ఇసుక, స్టీలు ఎంత వచ్చింది, ఎంత వాడారు, ఏ రోజు ఎంతమంది కూలీలు వచ్చారు అని రాసే పని ఒకటి ఉంటుంది. పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర దానికి స్టోర్ కీపర్, టైమ్ కీపర్ అని మనుషులు ఉంటారు. మీ వారు పనిచేసే మేస్త్రీనో కాంట్రాక్టర్‌నో అలాంటి పని ఉందేమో అడగమనండి. అది దొరికి, జీతం నెలనెలా బ్యాంకులో పడుతుందంటే ఏడాది వెళ్లి రావచ్చు. ఈలోగా మండల సమాఖ్యలో పేరు నమోదు చేయించి ఉంచండి. బ్యాచ్ ముందు మొదలైతే అందులో చేరనివ్వండి.