పర్యావరణ విధానం మీద మొదటి నివేదిక రాయబోతున్న అమ్మాయికి

హైదరాబాద్

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. ఉద్యోగంలో చేరిన రెండో నెలలోనే పర్యావరణ విధానాల ఖర్చుల మీద నివేదిక రాసే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పినప్పుడు సంతోషించాను. మొన్న ఫోనులో నువ్వు చెప్పిన సంకటం కూడా అర్థమైంది: తప్పులు ఎత్తిచూపితే చెట్టూ చేమా అక్కరలేనివాళ్లమంటారు, మెచ్చుకుంటే చెక్కభజన అంటారు. ముప్పై రెండేళ్లు ఆడిట్‌లో ప్రభుత్వ పద్దులు చూసినవాడిగా నాకు తోచినది రాస్తున్నాను. డబ్బు ఎటు పోయింది, అనుకున్న పని జరిగిందా, జరగకపోతే ఇంకేమి జరిగింది అని అడిగి, జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకపోవడమే మా ఉద్యోగం. పథకం మీద పగ ఉండి అడిగేవాళ్లం కాము. ఈ నివేదిక విషయంలో నువ్వు కూడా అలాగే కూర్చో.

విధానం రాసి ఉన్న కాగితాన్ని చివర చదువు; ముందు అది అమలయ్యే చోటికి వెళ్లు. మా అపార్ట్‌మెంటు సంగతే చెబుతాను. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ముందుగా పర్యావరణ అనుమతి తీసుకోవాలి. ఆ షరతులకు లోబడి మా సెల్లారులో మురుగు శుద్ధి కేంద్రం కట్టారు. ఆలోచన మంచిదే: మురుగును అక్కడికక్కడే శుద్ధి చేసి, ఆ నీటిని మొక్కలకూ ఫ్లష్ ట్యాంకులకూ వాడుకోవాలి. అయితే మురుగును తినే సూక్ష్మజీవులు బతకాలంటే ట్యాంకులోకి బ్లోయర్లు రాత్రింబవళ్లు గాలి పంపుతూనే ఉండాలి, బ్లోయర్లు తిరిగినంతసేపూ కరెంటు మీటరూ తిరుగుతుంది. నేను అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్న సంవత్సరం సర్వసభ్య సమావేశంలో ఆ బిల్లు మీద పెద్ద రభస జరిగి, బ్లోయర్లను రోజుకు నాలుగు గంటలే నడపాలని తీర్మానించాము. ఆ తీర్మానం కింద ఉన్న సంతకం నాదే. రెండు వారాలు తిరక్కుండానే ట్యాంకులోని గోధుమరంగు నీరు నల్లబడింది, కుళ్లిన కోడిగుడ్ల వాసన మొదటి అంతస్తుదాకా వచ్చింది. ఒకరోజు ఉదయం పదకొండు గంటలకు కిందికి దిగి లాగ్ బుక్ తెరిచి చూస్తే, ఆ సాయంత్రం ఆరు గంటల రీడింగు అప్పటికే రాసి ఉంది, పీహెచ్ 7.2, పైన ఉన్న పదిహేను రోజులదీ అదే అంకె, అదే సిరా. ఆపరేటరును అడిగితే, తనిఖీకి వచ్చేవారు పుస్తకం చూస్తారు గాని నీళ్లు చూడరని నవ్వాడు. అతని తప్పు ఎంత, మా తప్పు ఎంత అని ఇప్పటికీ లెక్క తేల్చలేకపోయాను.

ఈ కథలో నువ్వు పట్టుకోవలసినది ఒక్కటే: కట్టే ఖర్చును అందరూ లెక్క కడతారు, నడిపే ఖర్చు ఎవరి జేబులోంచి వస్తుందో ఎవరూ రాయరు. 2021లో మన నగరానికి 31 మురుగు శుద్ధి కేంద్రాలను సుమారు 3,866 కోట్ల రూపాయలతో మంజూరు చేశారు. అవి అవసరమే, మూసీ గట్టున పది నిమిషాలు నిలబడినవాడెవడూ కాదనడు. కానీ నీ నివేదికలో ఆ కోట్ల పక్కన ఏటా అయ్యే కరెంటు, రసాయనాలు, సిబ్బంది జీతాలు, బయటికి తీసిన మడ్డిని పారబోసే చోటు, ఇవన్నీ ఉండాలి. నిర్మాణ సామర్థ్యాన్ని చూసి శుద్ధి జరిగిపోయినట్టు రాయకు. మా సెల్లారులోనూ సామర్థ్యానికేమీ కొరత లేదు.

తరువాత, ఒకచోట తగ్గిన బాధ ఇంకొక చోట తేలిందా అని చూడు. ఇంట్లో చెత్త ఊడ్చి పక్కవాడి గుమ్మంలో పోసినట్టు కొన్ని చట్టాలు పనిచేస్తాయి, రాసినవారికి ఆ ఉద్దేశం ఏ కోశానా లేకపోయినా సరే. పంజాబ్‌లో భూగర్భజలాలు అడుగంటుతున్నాయని 2009లో చట్టం తెచ్చి, జూన్ 10కి ముందు వరి నాట్లు వేయకూడదన్నారు. మండు వేసవిలో నీరు ఆవిరైపోకుండా ఉండాలన్నది ఉద్దేశం, అందులో వంక పెట్టడానికేమీ లేదు. అయితే నాటు ఆలస్యమైతే కోతా ఆలస్యమవుతుంది. కోతకూ గోధుమ విత్తడానికీ మధ్య గడువు కుంచించుకుపోయి, యంత్రం కోసి వదిలిన కొయ్యకాళ్లను త్వరగా వదిలించుకోవడానికి నిప్పు పెట్టడమే రైతుకు దారి అయింది. ఆ మంటలు అక్టోబరు చివర, నవంబరు మొదట్లో, అంటే గాలి మందగించి పొగ నేలకు దగ్గరగా నిలిచే రోజుల్లో పడ్డాయి. ఢిల్లీ పొగకు వాహనాల నుంచి నిర్మాణాల దాకా వేరే కారణాలు ఎన్నో ఉన్నాయి గనుక అంతా ఈ చట్టం నెత్తిన రుద్దకూడదు. అయినా నీటి పద్దులో మిగిలినది గాలి పద్దులో ఖర్చయిందన్న సంగతి మాత్రం దాచరాదు.

ఇక మన ఊరి పద్దు. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996 మార్చి 8న 111 నంబరు జీవో వచ్చిందని నీకు తెలుసు. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు ఆంక్షల కిందికి వచ్చాయి. నీళ్లు తాగింది నగరం. ఆ నీళ్ల కోసం పొలాన్ని పొలంగానే ఉంచుకోవలసి వచ్చింది మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు రెండెకరాల రైతు. కూతురి పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో అరెకరం అమ్మబోతే, గీతకు అవతలి ఊరి ధరలో చిన్న భాగమైనా పలకలేదని వాపోయిన రైతులను నేను ఎరుగుదును. అదే గీత లోపల ఫామ్‌హౌసులూ ఫంక్షన్ హాళ్లూ మాత్రం లేచాయి. పలుకుబడి ఉన్నవాడికి ఆంక్ష వల్ల చవకగా భూమి దొరికిందన్నమాట. చివరికి 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించారు. ఆంక్ష ఉండటమే తప్పని వాదించేవారితో నేను ఏకీభవించను. ఆ పరీవాహక ప్రాంతం నగరానికి అవసరమే, వరదలు వచ్చిన ప్రతిసారీ ఆ సంగతి గుర్తుకు వస్తుంది. నగరవాసి నీటి బిల్లులో కొన్ని రూపాయలు కలిపి, నేలను ఖాళీగా ఉంచినందుకు ఆ గ్రామాలకు ఏటా చెల్లించి ఉంటే, ఎత్తివేయమని అడిగే గొంతులు ఇన్ని ఉండేవి కావని నా నమ్మకం. ఇది నమ్మకమే, రుజువు కాదు. నీ నివేదికలో వాడుకుంటే అలాగే రాయి.

గుడ్డ సంచుల గురించి నువ్వు అడిగావు. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం, ఒక్క వాతావరణ మార్పునే చూసుకున్నా మామూలు నూలు సంచిని కనీసం 52 సార్లు వాడితేగాని పల్చటి ప్లాస్టిక్ సంచి కంటే మేలు కాదు. ఆ లెక్కలో నాలాల్లో ఇరుక్కునే చెత్త బాధ లేదు. మన నగరంలో అసలు బాధ అదే గనుక డెన్మార్క్ అంకెను యథాతథంగా తెచ్చి ఇక్కడ అతికించకు. అయితే మీ పెద్దమ్మ వంటింటి తలుపు వెనక, పెళ్లిళ్లలో తాంబూలంతో పాటు ఇచ్చిన గుడ్డ సంచులు నిన్న లెక్కపెడితే పందొమ్మిది ఉన్నాయి. కూరగాయలకు వెళ్లేది ఒకదానితోనే. మిగతా పద్ధెనిమిదీ ఏ పద్దులో రాయాలో నువ్వే ఆలోచించు.

ఇంతవరకు చదివి, అనుమానమంతా నియమాలు చేసేవారి మీదే పెట్టుకుంటావేమోనని నాకు భయం. ఖర్చు భరించలేమని మొరపెట్టేవారి పద్దును కూడా అంతే నిర్దయగా చూడు. బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలో గంధకం తగ్గించాలని 2015 డిసెంబరులో ప్రమాణాలు పెట్టి రెండేళ్లు గడువిచ్చారు. ఆ గడువును మళ్లీ మళ్లీ పొడిగించుకుంటూ వచ్చి, 2025 జులైలో చాలా కేంద్రాలకు పొగలోంచి గంధకాన్ని తీసే యంత్రాల అవసరమే లేదన్నారు. యంత్రాల ఖరీదు నిజమే. గంధకాన్ని పట్టుకోవడానికి సున్నపురాయిని తవ్వి తేవాలి, ఆ రసాయన చర్యలోనే కొంత బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) విడుదల అవుతుంది, కేంద్రంలో పుట్టిన కరెంటులో కొంత ఆ యంత్రాలే తింటాయి. ఇవన్నీ రాయి. వాటి ఎదుట ఆ పొగ పీల్చినవారి ఆసుపత్రి ఖర్చుల గడి ఖాళీగా ఉంటే, అది ఖాళీగా ఉందని కూడా రాయి. 1990లో అమెరికా ఆమ్లవర్షాల మీద చట్టం చేసినప్పుడు కూడా పరిశ్రమలు ఇలాగే గగ్గోలు పెట్టాయి. తీరా అమలు చేశాక ఖర్చు ముందు వేసిన అంచనాల కంటే బాగా తక్కువైంది.

రాసేటప్పుడు విశేషణాలు తగ్గించు. 'చారిత్రాత్మక', 'వినాశకర' లాంటి మాటలు కనబడగానే చదివేవాడు నువ్వు ఏ పక్షమో తేల్చేసుకుని, అంకెల జోలికి రాడు. ఏ విధానాన్ని తప్పుపట్టినా, అదే ఫలితాన్ని తక్కువ నష్టంతో ఎలా రాబట్టవచ్చో కనీసం ఒక్క పేరా రాయి. అది రాయలేని రోజున నీ తప్పుపట్టడం ఇంకా పూర్తి కాలేదని పై అధికారికి చెప్పి గడువు అడుగు.

వచ్చే ఆదివారం ఉదయం మా ఇంటికి రా. బ్లోయర్లు ఇప్పుడు పద్ధెనిమిది గంటలు నడుస్తున్నాయని కొత్త కార్యదర్శి అంటున్నారు. ఆపరేటరుకు ముందుగా చెప్పకుండా ఇద్దరం కలిసి కిందికి వెళ్లి, లాగ్ బుక్ తరువాత చూద్దాము, ముందు గాజు గ్లాసులో నీళ్లు పట్టి చూద్దాము. పాత చెప్పులు వేసుకుని రా, సెల్లారులో నీళ్లు నిలుస్తున్నాయి.

ఇట్లు,
మీ పెదనాన్న