స్కేటింగ్ టెస్టులు చూడబోతున్నారా, కాళ్ల మీద కన్నేయండి

ఒంగోలులో 40 దాటాక మీరు క్వాడ్ స్కేట్లు (ముందు రెండు, వెనక రెండు చక్రాలుండేవి) తొడిగారు, వచ్చే నెల న్యూజెర్సీలో అక్కగారింటికి వెళ్తున్నారు, అక్కడి ఐస్ రింకులో ఫిగర్ స్కేటింగ్ స్కిల్స్ టెస్టులు కూర్చుని చూస్తే చక్రాల మీద నేర్చుకునేవాళ్లకి ఏమన్నా ఒరుగుతుందా అని అడిగారు. ఒరుగుతుంది, ఏం చూడాలో ముందే అనుకుని వెళ్తే.

పై మెట్టయిన గోల్డ్ స్థాయి వాళ్లని చూస్తే కళ్లు చెదురుతాయి గానీ చేతికేమీ రాదు. కింది స్థాయుల వాళ్లని, అడల్ట్ బ్రాంజ్, సిల్వర్‌కి వచ్చిన పెద్దవాళ్లని చూడండి. మీరు చేసే తప్పులన్నీ అక్కడే దొరుకుతాయి. స్కిల్స్ టెస్టులో పాట ఉండదు, గంతులుండవు. ముందే నిర్ణయించిన వరుసలో అడుగులు, అవి రెండు కాళ్ల మీదా చేసి చూపాలి. ఫలితం పాస్, లేదంటే రీట్రై. ఫెయిల్ అనే మాట రాయరు. ఒక్కోసారి జడ్జీలు ఒక అంశం మళ్లీ చేయమంటారు. అప్పుడు నిద్రపోకండి, మొదటిసారి ఏది తేడా కొట్టిందో పోల్చి చూసుకునే వీలు అదొక్కటే.

పాట లేదు కాబట్టి చెవులూ వాడండి. తోసిన ప్రతిసారీ కర్‌మని గీరిన చప్పుడొస్తే బ్లేడు అంచుతో కాకుండా బ్లేడు కొసన ఉండే పళ్లతో తోస్తున్నారని. మన క్వాడ్‌లో టో స్టాపర్‌తో, అంటే కాలివేళ్ల కింద ఉండే బ్రేకు ముక్కతో, తోసుకోవడం లాంటిదే. ఐస్ కొత్తగా పరిచాక వచ్చే మొదటి ఇద్దరు ముగ్గురి గీతలు గోడ పక్క నుంచి కూడా కనబడతాయి. ఒకే గీత అంటే బ్లేడుకున్న రెండంచుల్లో ఒకదాని మీద వంగి ఉన్నారు. జంట గీతలు పడితే బ్లేడు చదునుగా నిలబడింది, వంపు లేదు.

ఒక్కటే ఎంచుకోమంటే వాల్ట్జ్ ఎయిట్ చూడండి. రెండు వలయాలు కలిసి 8 అంకె. ఒక్కో వలయం మూడు భాగాలు, భాగానికి 6 లెక్కలు, అంటే ఒకటి నుంచి ఆరు దాకా అనుకునేంత సేపు. మొదటి భాగం మధ్యలో త్రీ టర్న్: ముందుకు పోతూ ఒంటికాలి మీదే వెనక్కి తిరగడం, ఐస్ మీద 3 అంకెలా గుర్తు పడుతుంది. తర్వాత రెండో కాలి మీద వెనక్కి 6, మళ్లీ ముందుకి 6. చాలామంది తిరిగేది బాగానే తిరుగుతారు, తిరిగాక చెడగొడతారు. భుజాలు వలయం లోపలికి ముందే తిరిగి ఉండాలి. కాలు తిరిగిన మరుక్షణం వాటిని ఎదురు దిక్కుకి పట్టి ఆపాలి. ఆపకపోతే ఒళ్లు గిరగిరా పోతుంది, గాల్లో ఉన్న కాలు టక్కున కింద పడుతుంది. ఇంకో రకం వాళ్లు మోకాలు బిగబట్టి తిరగబోతారు. బరువు మడమ మీదికి జారి, తిరగడం కాస్తా చిన్న గెంతుగా మారుతుంది. మోకాలు వంగి, తిరిగేటప్పుడు లేచి, మళ్లీ వంగాలి.

జడ్జీల వెనక కూర్చోకండి, మాట్లాడుకుంటున్నది వినడానికి వచ్చారనుకుంటారు. పిల్లలుంటారు కాబట్టి అడగకుండా వీడియో తీయొద్దు. చిన్న నోటుబుక్కు చాలు. స్వెటరు, మందపాటి మేజోళ్లు మర్చిపోకండి. ఒంగోలు ఎండకి అలవాటైన ఒళ్లు గంట తిరక్కముందే వణుకుతుంది.

తిరిగొచ్చాక సిమెంటు నేల మీద 2.5 మీటర్ల తాడుకి సుద్దముక్క కట్టి పక్కపక్కనే, ఒకదాన్నొకటి తాకేలా రెండు వలయాలు గీయండి. 6 లెక్కలు పైకే అనుకుంటూ ముందు త్రీ టర్న్ లేకుండా నడిపించండి. వంపు రావట్లేదంటే తప్పు మీదేనని తేల్చేయకండి, ట్రక్కు (చక్రాల జతని బూటుకి పట్టి ఉంచే ఇరుసు భాగం) నట్లు మరీ బిగుసుకుని ఉండొచ్చు. పావు చుట్టు చొప్పున రెండు స్కేట్లకీ కలిపి నాలుగింటినీ ఒకేలా వదులు చేసి చూడండి.