భుజం నొప్పితో మొదలైన సాయం

అగ్నిమాపక దళంలో పనిచేసే మీ భర్త ఒక ప్రమాదం తరువాత సరిగా నిద్రపోవడం లేదని, ఫైర్‌మన్ల కుటుంబాలకు తోడ్పడే సేవాసంస్థను సంప్రదిద్దామంటే ‘మనం దానం పుచ్చుకునే స్థితిలో ఉన్నామా’ అని కసురుకుంటున్నారని, ఆయనతో చెప్పకుండా మీరే ఫోన్ చేయవచ్చా అని అడిగారు. చేయవచ్చు. నేనూ అలాగే చేశాను.

మావారు కూడా ఫైర్‌మనే. ఒక ఇంటి మంటల్లో పిల్లవాణ్ణి కాపాడలేకపోయిన తరువాత, మా ఇంట్లో మూసి ఉన్న ఏ తలుపునైనా తెరిచే ముందు, అవతల మంట ఉందేమో చూసే పద్ధతిలో, చేతి వెనుక వైపుతో తాకి చూడడం మొదలుపెట్టారు. స్టేషన్‌లో కౌన్సెలింగ్ కావాలా అని అడిగితే అక్కర్లేదని సంతకం చేసి వచ్చారు; మనసు బాగాలేదని తెలిస్తే తనను బండి ఎక్కనివ్వరని ఆయన భయం. అయితే నీటి గొట్టాలు లాగీ లాగీ పాడైన భుజం గురించి చెప్పుకోవడానికి మాత్రం ఆయనకు సిగ్గు లేదు. అందుకే సేవాసంస్థ పునరావాస కేంద్రంలో వారం రోజుల ఫిజియోథెరపీకి ఒప్పుకున్నారు. అక్కడ చికిత్స చేసే ఆమె ‘ఏ వైపు తిరిగి పడుకుంటారు?’ అని మామూలుగా అడిగితే, ‘పడుకోవడం ఎక్కడిది’ అన్నారట. మర్నాటి నుంచి ఉదయం భుజానికి వ్యాయామం, మధ్యాహ్నం మానసిక నిపుణుడితో మాటలు. మీ వారికీ నడుమో మోకాలో నొప్పి ఉంటే, అక్కడి నుంచే మొదలుపెట్టమని నా సలహా.

దానం అన్న మాటకు ఒక సంగతి చెప్పండి. బ్రిటన్‌లోని ఫైర్ ఫైటర్స్ చారిటీ 1943లో, యుద్ధకాలంలో, ప్రాణాలు పోగొట్టుకున్న అగ్నిమాపక సిబ్బంది భార్యాబిడ్డలను ఆదుకునే నిధిగా పుట్టింది. నేటికీ సిబ్బంది తమ జీతాల్లోంచి ఇచ్చే చిన్న మొత్తాలూ, స్టేషన్ల ముందు కార్లు కడిగి పోగుచేసే విరాళాలూ దానికి అందుతున్నాయి. తోటివారు కూడబెట్టిన డబ్బును అవసరానికి వాడుకోవడం చేయి చాచడం ఎలా అవుతుంది?

నేను ఆయన కోసం ఫోన్ చేస్తే, వాళ్లు నా నిద్ర గురించి కూడా అడిగారు. రాత్రి ఫోన్ మోగితే నా గుండె దడదడలాడుతుందని అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. తరువాత నాకు విడిగా ఆరుసార్లు కౌన్సెలింగ్ ఇచ్చారు, నేను చెప్పినది ఆయనకు గానీ స్టేషన్‌కు గానీ చేరలేదు. అన్ని సంస్థల నియమాలూ ఒకేలా ఉండవు కాబట్టి, వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, పై అధికారులకు నివేదిక వెళుతుందా, ఏ పరిస్థితిలో గోప్యత వర్తించదు, పదవీ విరమణ తరువాత కూడా సాయం అందుతుందా అన్నవి మొదటి ఫోన్‌లోనే అడగండి. నేను చివరి ప్రశ్న మరచిపోయి తరువాత ఇబ్బంది పడ్డాను.

మరో మాట: ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2022లో ఫైర్‌మన్ వృత్తిని క్యాన్సర్ కలిగించే వాటిలో మొదటి వర్గంలో చేర్చింది. మసి పట్టిన దుస్తులను ఇంటికి తేనివ్వకండి. తప్పకపోతే పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి. ఇది మాకు ఆ కేంద్రంలోనే చెప్పారు.

డబ్బు సాయం సంగతి వేరు. ఆదాయం హద్దు దాటిందని మా దరఖాస్తును తిప్పి పంపారు. గాయానికి పరిహారం, పింఛను వంటివి శాఖ నుంచో సిబ్బంది సంఘం ద్వారానో రాబట్టుకోవలసినవే. మీ వారు చనిపోవాలనిపిస్తోందన్న మాట ఎప్పుడైనా అంటే మాత్రం సేవాసంస్థ అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు, ఆయనను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.