మేడ మీదికి నేనే తెచ్చుకున్న చౌడు

"హైదరాబాద్‌లో మిద్దె తోట పెంచేవాళ్ళు వానలు ఆగిపోయాక వచ్చే అక్టోబర్ ఎండని, ఆ తర్వాత చలిని, గడ్డమంచుని ఎలా తట్టుకుంటున్నారు? కాలాలే మారిపోయాయి కదా?" అని అడిగారు.

ముందు గడ్డమంచు సంగతి తేల్చేద్దాం. అది మనకి రాదు. లంబసింగిలోనో ఊటీలోనో ఉన్నవాళ్ళు భయపడాలి దానికి. మీరు ఏ ఇంగ్లండ్ ఆవిడ వీడియోనో చూసి ఉంటారు. నేనూ చూసేదాన్ని. అక్టోబర్ రాగానే ఆవిడ టమాటా మొక్కలన్నీ పీకి కంపోస్టులో పడేస్తుంది. మనకి టమాటా నాటుకునే రోజులే అవి! అలాంటి వీడియోలు ఒక ఏడాదంతా చూసి, ఆవిడ చెప్పిన తేదీలు క్యాలెండర్‌లో రాసుకుని మరీ నష్టపోయాను. చూడొద్దనను, భోంచేస్తూ కాలక్షేపానికి చూడండి.

ఇక అక్టోబర్ ఎండ. ఇది మాత్రం నిజమైన శత్రువే. కాకపోతే మొక్కల్ని చంపేది ఎండ కాదు, మనమే. ఎలాగో చెప్తాను.

మాది ఉప్పల్ వైపు. పైన నలభై దాకా సంచులు, థర్మాకోల్ డబ్బాలు, పెయింట్ బకెట్లు. 2020 అక్టోబర్ 13 ఎవరూ మర్చిపోయి ఉండరు. మాకు తూర్పున ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు పడిందని తర్వాత పేపర్లో చదివాం. ఆ ఏడాది వంగ మొక్కలు వేళ్ళు కుళ్ళి పోయాయి. సరిగ్గా మూడేళ్ళకి, 2023లో, అదే నెల మా మేడ మీద చినుకు పడిన గుర్తే లేదు. అసలు ఆ ఏడు ఆగస్టే ఎండగట్టింది. 1901 నుంచి దేశంలో అంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖ వాళ్ళే చెప్పారు.

నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అప్పటికి బోరు గుటకలు మింగుతోంది. ట్యాంకర్ తెప్పించి మొక్కలకి పోస్తే మా అత్తమ్మ నన్ను మేడ మీదే ఉంచేస్తుంది. అందుకని ఒక తెలివైన పని చేశాను. వంటింట్లో ఆర్‌ఓ ఫిల్టర్ గ్లాసు మంచినీళ్ళు ఇచ్చేసరికి రెండు మూడు గ్లాసులు బయటికి వదిలేస్తుంది కదా, ఆ పైపుని తెచ్చి నీలం డ్రమ్ములో పెట్టాను. రోజూ రెండు మూడు బకెట్లు! వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడితే అందరూ చప్పట్లు కొట్టారు.

మూడు వారాలకి టమాటా ఆకుల అంచులు కాలినట్టు అయ్యాయి. ఎండ దెబ్బ అనుకుని ఇంకో చెంబు ఎక్కువ పోశాను. అంచులు ఇంకా కాలాయి. ఇంకా పోశాను. మిరప పూతంతా రాలింది. మట్టి మీద తెల్లగా పొర కట్టింది, ముగ్గు చల్లినట్టు. అది బూజు అనుకుని వేపనూనె కూడా కొట్టాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

దసరాకి మేం ఊరికి వెళ్ళి వస్తూ నాయనని వెంట తీసుకొచ్చాం. నల్లగొండ దగ్గర పల్లె మాది. మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా మేడ ఎక్కాడు. నాలుగడుగులు వేసి ఎగిరి గడపలో పడ్డాడు. "గిది చేనా బిడ్డా, పెనమా?" అన్నాడు. మళ్ళీ చెప్పులేసుకుని వచ్చి, ఒక బకెట్ ముందు కూర్చుని, ఆ తెల్ల పొరని గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. నేను అయ్యో అనేలోపే తుపుక్కున ఉమ్మేశాడు.

"చౌడు. జనమంత చౌడు భూములిడిసి పట్నమొస్తే, నువ్వు పట్నంల చౌడు జేసుకుంటున్నవ్."

చౌడంటే ఉప్పు పేరుకుపోయిన నేల. ఫిల్టర్ మన నోటికి వద్దని తీసేసిన ఉప్పంతా ఆ వదిలేసిన నీళ్ళలోనే ఉంటుంది. అసలే మనది బోరు నీళ్ళు, గిన్నెలకి తెల్ల మరకలు కట్టే రకం. పొలంలో అయితే ఆ ఉప్పు కిందికి దిగిపోవడానికి ఎంతో కొంత నేల ఉంటుంది, బకెట్‌లో జానెడు మట్టి. వానలు ఉన్నన్నాళ్ళు కడుక్కుపోతుంది. వాన లేని నెలలో, ఎండకి నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది. అంటే నేను ఎంత పోస్తే అంత ఉప్పు వేశానన్నమాట. ఆ ఉప్పు వల్ల మట్టి తడిగా ఉన్నా వేళ్ళు నీళ్ళు తాగలేవు. చూడటానికి అచ్చం దాహంతో వాడినట్టే ఉంటుంది.

నాయన రెండు నల్లా రోజులు పైనే ఉండి ఒక్కో బకెట్‌లో అడుగు రంధ్రాలు పొడిచి, పై పొర చెక్కేసి, మూడేసి సార్లు నిండా నీళ్ళు పోసి కిందికి కారనిచ్చాడు. అన్ని నీళ్ళు దండగ అవుతున్నాయని నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. టమాటా సగం పోయింది. వంగ, బెండ నిలబడ్డాయి. వంగ ఎంత మొండిదో అప్పుడే తెలిసింది.

తర్వాత చేసినవన్నీ చిన్న పనులే. సంచుల కింద రెండేసి ఇటుకలు పెట్టించాడు, స్లాబు వేడి వేళ్ళకి తగలకుండా. మట్టి మీద నాలుగు వేళ్ళ మందం ఎండుటాకులు, కొబ్బరి పీచు. పడమటి వైపు గ్రీన్ నెట్. నీళ్ళు పొద్దు పొడవకముందే. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పు దాదాపు ఉండదు కాబట్టి అవి మాత్రం పట్టి నల్లా నీళ్ళలో కలుపుతాను.

చలికి పెద్దగా చేసేదేం లేదు. పటాన్‌చెరు, హెచ్‌సీయూ (సెంట్రల్ యూనివర్సిటీ) వైపు ఉన్నవాళ్ళకి మాకంటే చలి ఎక్కువే, అయినా తులసి, తమలపాకు తీగ మీద రాత్రిపూట పాత నూలు చీర కప్పితే చాలు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి మొక్కలోని వేడి పైకి పోతుంది, చీర దాన్ని ఆపుతుంది. పొద్దున్నే తీసేయండి. కరివేపాకు చిగురెయ్యడం మానేస్తే చచ్చిపోయిందని పీకకండి, ఎరువులూ గుమ్మరించకండి, ఫిబ్రవరి దాకా ఓపిక పట్టండి. సాయంత్రం ఆకుల మీద నీళ్ళు చల్లే అలవాటు మాత్రం మానండి, తెగుళ్ళకి మీరే విందు పెట్టినట్టు. చిక్కుడుకి పేనుబంక ఎలాగూ పడుతుంది, ఆ కొసలు తుంచి పారెయ్యడమే. సంక్రాంతికి కాయలు మాత్రం బుట్టల కొద్దీ వస్తాయి, పగలు కురచైతేనే పూసే జాతి అది. జూన్‌లో పెట్టిన తీగ సెప్టెంబర్‌లో పూయలేదని నర్సరీ వాణ్ణి తిట్టేవాళ్ళని చూశాను. నర్సరీ వాణ్ణి తిట్టాల్సింది కాలీఫ్లవర్ విషయంలో. ఏ రకమో అడిగితే "ఏదైనా ఒకటే మేడం" అంటాడు. ముందస్తు రకం నారు నవంబర్‌లో అంటగడితే గుండీ అంత పువ్వు వచ్చి ఆగిపోతుంది.

కాలాలు మారాయా అంటే, మారాయి. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని మా నాయన ఇప్పటికీ అంటాడు. ఉత్తర కార్తెలో, అంటే సెప్టెంబర్ రెండో సగంలో, వాన లేకపోతే ఊరు విడిచి పొమ్మని. నేను గంప ఎత్తి ఎక్కడికి పోతాను? ఆ పదిహేను రోజులు చూసుకుని, వాన ముఖం చాటేస్తే సంచులు నలభై నుంచి పాతికకి తగ్గించేస్తాను. టమాటా నారు దీపావళి దాకా ఆపుతాను. క్యాలెండర్ కంటే ఇది నయం.

నీలం డ్రమ్ము ఇంకా అక్కడే ఉంది. ఆ నీళ్ళతో మా ఆయన ఆదివారం ఆదివారం బైకు కడుగుతాడు. ఆరాక ట్యాంకు మీద తెల్ల మచ్చలు ఎందుకొస్తున్నాయో ఆయనకి ఇంకా అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు.