వార్డు గంటలు తగ్గించి బొమ్మల మీద నేర్పిస్తే నర్సింగ్ వస్తుందా?

బీఎస్సీ నర్సింగ్‌లో వార్డు పోస్టింగ్ తగ్గించి సిమ్యులేషన్ ల్యాబ్‌లో బొమ్మల ముందు నిలబెడుతున్నారు, రేపు ఉద్యోగంలో వెనకబడిపోతానా అని అడిగారు. నేను రెండు చోట్లా నేర్చుకున్నాను, ఇప్పుడు ఐసీయూలో పనిచేస్తున్నాను. ల్యాబ్ గంటలు వృథా కావు. కాకపోతే బొమ్మ మీద ఇచ్చిన కేసు అయ్యాక డీబ్రీఫింగ్, అంటే ఏం చేశాం, ఎందుకు చేశాం అని కూర్చుని చర్చించుకోవడం, సరిగ్గా జరగాలి.

వార్డులో పేషెంట్ పరిస్థితి దిగజారితే ముందు స్టూడెంట్‌నే పక్కకి జరగమంటారు. అది న్యాయమే, కానీ పక్కన నిలబడి చూస్తే నిర్ణయం తీసుకోవడం రాదు. ల్యాబ్‌లో జరగమనేవాళ్లుండరు. మాకిచ్చిన ఒక కేసులో సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94 నుంచి 86కి పడిపోయింది. అది తగ్గేకొద్దీ మానిటర్ బీప్ స్వరం కూడా దిగుతుంది, ఆ శబ్దానికే టెన్షన్ వచ్చేస్తుంది. మా బ్యాచ్ అమ్మాయి బొమ్మ వేలికున్న ప్రోబ్ (ఆక్సిజన్ కొలిచే క్లిప్) సరిచేసింది, బెడ్ తల వైపు ఎత్తింది, డాక్టర్‌కి ఫోన్ చేయమంది, చూపు మాత్రం మానిటర్ మీంచి తిప్పలేదు. ఆక్సిజన్ ట్యూబేమో గోడకున్న ఫ్లోమీటర్ (ఆక్సిజన్ ఎంత వెళ్తోందో చూపే పరికరం) దగ్గర ఊడి వేలాడుతోంది!

తర్వాత మేడం తిట్టలేదు. "అప్పుడు నువ్వేం చూస్తున్నావు?" అని మాత్రం అడిగారు. చెప్పుకుంటూ పోతుంటే ఆ అమ్మాయికే అర్థమైంది, వింటున్న మాకూ అర్థమైంది. ఇప్పటికీ అలారం మోగితే నేను ముందు పేషెంట్‌ని, తర్వాత గోడ దాకా ట్యూబుని చూసి, అప్పుడే మానిటర్ వైపు తిరుగుతాను.

అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 10 నర్సింగ్ కోర్సుల్లో 600 మందికి పైగా విద్యార్థులతో చేయించిన అధ్యయనం 2014లో వచ్చింది. క్లినికల్ గంటల్లో సగం దాకా సిమ్యులేషన్‌కి ఇచ్చినా కోర్సు చివర్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది చూపించి వార్డు గంటలు కోసేసేవాళ్లు ఒక్క సంగతి దాటేస్తారు: అక్కడ పాఠం చెప్పినవాళ్లకి డీబ్రీఫింగ్‌లో ప్రత్యేక శిక్షణ ఇచ్చారు.

ఇక సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ మీద నొక్కడం) అయితే బొమ్మ మీదే నేర్చుకోవాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కడం చేతికి అలవాటు కావాలి కదా. ఒళ్లంతా చల్లటి చెమటలు పట్టినప్పుడు పేషెంట్ ఎలా ఉంటాడో, కంగారుపడే బంధువులతో ఎలా మాట్లాడాలో మాత్రం వార్డే నేర్పుతుంది.

మీ కాలేజీలో కేసు అవగానే "నెక్స్ట్ బ్యాచ్" అని పంపించేస్తుంటే మీ అనుమానం నిజమే. నలుగురు కలిసి వెళ్లి, కేసు ఎంతసేపు నడిస్తే చర్చకి కనీసం అంతసేపు ఇవ్వమని అడగండి.