రెండు చేతులకూ రెండు బీపీలు: ఏది నమ్మాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా వారికి 61 ఏళ్లు. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. షుగరు ఉంది, ఆరేళ్లుగా బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నారు. ఆస్పత్రిలో ఎప్పుడూ ఎడమ చేతికే పట్టీ కట్టి చూస్తారు. 130 దగ్గర ఉందని, బాగుందని చెప్పి పంపేస్తారు. మొన్న మా అబ్బాయి బీపీ మిషను కొని తెచ్చాడు. ఎడమ చేతికి 128/80 వచ్చింది, కుడి చేతికి పెడితే 148/86 చూపించింది. మిషను పాడైందేమోనని నేను పెట్టి చూసుకుంటే నా రెండు చేతులకూ మూడు నాలుగు అంకెల తేడానే వచ్చింది. ఏ చేతి లెక్క నిజం? మాత్ర పెంచమంటారా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అదే మిషనును మీ చేతులకు పెట్టి చూడటం తెలివైన పని. దానితో మిషను మీద అనుమానం చాలావరకు తీరింది. ఇక మిగిలింది ఆ 20 అంకెల తేడా నిజమైనదా, చూసిన తీరు వల్ల వచ్చిందా అన్నది.

రెండు చేతుల మధ్య పై అంకెలో 10 లోపు తేడా ఆరోగ్యవంతుల్లోనూ మామూలే. బీపీ నిమిష నిమిషానికీ మారుతుంది. పైగా మొదట చూసినప్పుడు ఉండే కంగారు రెండోసారికి తగ్గుతుంది కాబట్టి, ముందు చూసిన చేతికే కాస్త ఎక్కువ రావడం సహజం. కుడిచేతి వాటం వాళ్లకు కుడి చేతికే బీపీ ఎక్కువ ఉంటుందని కొందరు సరిపెట్టుకుంటారు గానీ, 20 తేడాకు చేతివాటం కారణం కాదు.

ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటి చెబుతాను. మిషను బల్లకు ఎడమ పక్కన ఉంటుంది. ఎడమ చేయి బల్ల మీద హాయిగా ఆనుతుంది. కుడి చేతికి కట్టేసరికి గొట్టం పొడవు చాలక, మనిషి పక్కకు తిరిగి ఆ చేతిని ఒళ్లో పెట్టుకుంటాడు. అంతే, అంకె పెరుగుతుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 2024లో ప్రచురించిన అధ్యయనంలో, చేతిని బల్ల మీద కాక ఒళ్లో పెట్టుకున్నప్పుడు పై అంకె దాదాపు 4, పక్కన వేలాడదీసినప్పుడు ఆరున్నర వరకు ఎక్కువ వచ్చింది. మన ఓపీ గదుల్లో రోగి వీపు ఆనని స్టూలు మీద కూర్చుని, ఒక చేత్తో ఫైలు పట్టుకుని, సిస్టరు అడిగేవాటికి జవాబు చెబుతూ చూపించుకునే బీపీలో ఇలాంటి తప్పులు రెండు మూడు కలిసే ఉంటాయి.

కాబట్టి మూడు రోజుల పాటు ఇలా చూడండి. ఉదయం మూత్రానికి వెళ్లి వచ్చాక, కాఫీకీ మాత్రకూ ముందు, వీపు ఆనే కుర్చీలో పాదాలు నేలకు ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమనండి. చొక్కా చేతిని పైకి మడిస్తే అది జబ్బను బిగిస్తుంది, అందుకని చొక్కా తీసేయడమే మేలు. పట్టీ అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి, పట్టీ గుండె ఎత్తుకు రావాలి. అవసరమైతే చేతి కింద దిండు పెట్టండి. కుడి, ఎడమ, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ, నిమిషం నిమిషం విరామంతో చూసి అన్నీ రాసిపెట్టండి. చేయి మార్చినప్పుడు మిషనునూ ఆ పక్కకు జరపండి. మూడు రోజుల సగటులోనూ కుడి చేతికే 10కి మించి ఎక్కువ ఉంటే తేడా నిజమైనదే.

అప్పుడు నమ్మాల్సింది ఎక్కువ చూపించిన చేతిని. మీ ఊరి కాలువలనే చూడండి. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కాలువకు ఎక్కడో గుర్రపుడెక్క అడ్డం పడితే దాని దిగువన నీటి మట్టం తగ్గుతుంది. అంతమాత్రాన బ్యారేజీలో నీళ్లు తగ్గాయని ఎవరూ అనుకోరు. చేతికి వెళ్లే ధమని సన్నబడినప్పుడు ఆ చేతిలో బీపీ తక్కువగా కనిపిస్తుంది గానీ, మెదడుకూ గుండెకూ కిడ్నీలకూ తగిలేది అవతలి చేయి చూపించే ఒత్తిడే. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఇదే. ఇన్నేళ్లూ 130 అనుకుని వైద్యం చేసినది నిజానికి 148 కావచ్చు. ఇంట్లో చూసుకునే సగటు 135/85 దాటకూడదు. అయినా మాత్ర మీరుగా పెంచవద్దు. రాసిన కాగితం తీసుకెళ్లి డాక్టరు గారికి చూపించి, ఇక మీదట కుడి చేతికే చూడమని చీటీ మీద రాయించుకోండి.

ధమని సన్నబడటానికి పెద్ద వయసులో ముఖ్య కారణం లోపల కొవ్వు పేరుకోవడం. కాలరు ఎముక కింద నుంచి చేతికి వెళ్లే ధమనిలో, అందులోనూ ఎడమ వైపు, ఇది ఎక్కువగా కనిపిస్తుంది. షుగరు, పొగ, కొలెస్టరాల్ దీన్ని పెంచుతాయి. చాలామందికి ఏ బాధా తెలియదు. కొందరికి మాత్రం ఆ చేత్తో బట్టలు పిండినా, బరువు మోసినా చేయి లాగేస్తుంది, కళ్లు తిరుగుతాయి. ఒకచోట కొవ్వు పేరుకుంటే గుండెకూ మెదడుకూ కాళ్లకూ వెళ్లే ధమనుల్లోనూ పేరుకుని ఉండవచ్చు. ఇంగ్లండులోని ఎక్సెటర్ పరిశోధకులు 2012లో లాన్సెట్ పత్రికలో ఇదే చెప్పారు: చేతుల మధ్య తేడా 15 గానీ అంతకు మించి గానీ ఉన్నవారిలో కాళ్ల రక్తనాళాల జబ్బు, మెదడు రక్తనాళాల జబ్బు ఎక్కువగా కనిపించాయి. తర్వాత దాదాపు 54 వేల మంది వివరాలు కలిపి చూసి, తేడా 10 దాటినప్పటి నుంచే జాగ్రత్త పడాలన్నారు.

డాక్టరు గారు రెండు మణికట్ల నాడినీ ఒకేసారి పట్టి చూస్తారు, కాలరు ఎముక పైన స్టెతస్కోపు పెట్టి వింటారు, అవసరమైతే ధమనిలో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాను రాస్తారు. చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. బీపీ, షుగరు అదుపులో పెట్టి, కొలెస్టరాల్ మాత్ర వాడి, పొగాకు ఏ రూపంలో ఉన్నా మానేస్తే చాలు. ఎప్పుడైనా గుండెకు బైపాస్ ఆపరేషన్ మాట వస్తే మాత్రం ఎడమ చేతికి బీపీ తక్కువని సర్జనుకు తప్పక చెప్పండి, ఎందుకంటే బైపాస్‌కు ఎక్కువగా వాడే ఛాతీ ధమని ఆ ఎడమ చేతి ధమని నుంచే చీలుతుంది.

ఒక హెచ్చరిక. ఛాతీలోనో వీపు మధ్యలోనో చీల్చినట్టు ఉన్నట్టుండి నొప్పి వచ్చి, ఒక చేతి నాడి బలహీనపడితే అది మహాధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని) గోడ చీలడం కావచ్చు. అప్పుడు ఇంట్లో బీపీ చూస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. కాలేజీలో పెట్టిన ఆరోగ్య శిబిరంలో ఎడమ చేతికి మిషను ఎన్నిసార్లు పెట్టినా ఎర్రర్ అనే వచ్చిందట, కుడి చేతికి 150 వచ్చింది. కొన్ని నెలలుగా ఒళ్లు వెచ్చగా ఉంటోందని, నీరసమని అంటోంది. తడి బట్టలు దండెం మీద వేసేటప్పుడు ఎడమ చేయి నొప్పి పుడుతోందట. మిషను లోపమేనా?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మిషను లోపమని వదిలేయకండి, ఈ వారంలోనే చూపించండి. ఈ వయసు ఆడపిల్లల్లో ఒక చేతి నాడి అందకపోవడం, రెండో చేతికి బీపీ ఎక్కువ ఉండటం, సన్న జ్వరం కలిసి కనిపిస్తే మేము ముందుగా తకయాసు జబ్బును గుర్తు చేసుకుంటాం. జపాను కంటి వైద్యుడు మికితో తకయాసు 1908లో దీన్ని మొదట వివరించాడు. మహాధమని, దాని కొమ్మల గోడలు వాచి, లోపల రక్తం పారే దారి క్రమంగా సన్నబడే జబ్బు ఇది. ఎక్కువగా 40 ఏళ్ల లోపు స్త్రీలకు వస్తుంది, మన దేశంతో సహా ఆసియాలో ఎక్కువగా కనిపిస్తుంది. రెండు చేతుల ధమనులూ మూసుకుపోతే రెండు చేతులకూ బీపీ తక్కువగా వచ్చి మోసం చేస్తుంది. అప్పుడు కాళ్లకు చూడాల్సి వస్తుంది. ఒంట్లో వాపును తెలిపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలు, ధమనుల బొమ్మ తీసే యాంజియోగ్రాం చేయించి రుమటాలజిస్టుకు (కీళ్లవాతం, ఇలాంటి వాపు జబ్బులు చూసే డాక్టరుకు) చూపించండి. స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని అదుపు చేసే మందులు ఉన్నాయి, తొందరగా మొదలుపెట్టిన కొద్దీ ధమనులను కాపాడుకోగలం. పాపను భయపెట్టకుండా, ఆలస్యం చేయకుండా తీసుకెళ్లండి.

ప్రశ్న: నాన్నగారికి డయాలసిస్ కోసం ఎడమ చేతికి ఫిస్టులా వేశారు. రెండు చేతులకూ బీపీ చూడాలంటున్నారు కదా, ఆ చేతికీ చూడవచ్చా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: చూడకూడదు. ఫిస్టులా అంటే డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి వేసిన దారి. పట్టీ బిగుసుకున్నప్పుడు అందులో రక్తం గడ్డకట్టి అది మూసుకుపోవచ్చు. రక్త పరీక్షకు సూది కూడా ఆ చేతికి గుచ్చనివ్వకండి. ఆస్పత్రిలో కొత్త సిస్టరు వచ్చిన ప్రతిసారీ ముందుగానే ఆ మాట చెప్పండి. బీపీ కుడి చేతికే చూడాలి, అదీ వీలుకానప్పుడు కాలికి చూస్తారు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక గడ్డలు తీసేసినవారు కూడా, తమ డాక్టరు వేరే చెప్పకపోతే, ఆ వైపు చేతిని వదిలి రెండో చేతికే చూపించుకోవడం మంచిది.